తోమిన రేకు

అడవి అంచున కూలిపోయిన బంగళా దగ్గర ముంగిసకూ ఉడుముకూ చెరొక రాగి రేకు దొరికింది. రెండూ వాటిని తమ బొరియల మీద పైకప్పుగా వేసుకున్నాయి.

వానలకు తడిసి రేకులు మొదట నల్లబడ్డాయి, తరువాత పచ్చగా చిలుము పట్టాయి. ముంగిస తన రేకును వెంటనే తోమేసి, ఉడుము రేకు చూసి ముక్కు చిట్లించింది.

"ఛీ! అంత బద్ధకమేమిటి ఉడుమన్నా? నీ ఇల్లు పాకుడు పట్టిన గోతిలా ఉంది," అంది.

"చిలుమే రేకును కాపాడుతుంది తమ్ముడూ. గీకావంటే రాగే అరిగిపోతుంది," అంది ఉడుము.

"పని చేతకానివాళ్ళ మాటలివి!" అని ముంగిస నవ్వింది. రోజూ చింతపండూ ఇసుకా వేసి తన రేకు తోమేది. దారిన పోయేవాటిని పిలిచి మరీ ఆ తళతళలు చూపించేది. ఉడుము ఇంటివైపు చూసి ఉమ్మేది.

ఏళ్ళు గడిచేసరికి ఆ రేకు కాగితంలా పలచబడింది. ఒకనాడు వడగళ్ళవాన దానికి తూట్లు పొడిచింది. ముంగిస వణుకుతున్న పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి ఉడుము ఇంట్లో చేర్చింది. అక్కడ ఒక్క చుక్క కూడా కారడం లేదు.

ముంగిస పైకప్పు వైపు చూసి మూతి విరిచింది. "కనీసం లోపలివైపైనా తోమాల్సింది అన్నా," అంది.

"ముందు నీ పిల్లల ఒళ్ళు తుడువు," అంది ఉడుము.