పదకొండు చుట్లు

“ఆగు దామోదర్,” అన్నాను.

దామోదర్ ఆగలేదు. స్తూపం చుట్టూ తిరిగేటప్పుడు మధ్యలో ఆగకూడదట. ఆ రూలు కూడా నేనే చెప్పానట. చేసేదిలేక పక్కపక్కనే నడుస్తూ మాట్లాడుకున్నాం. జూన్ నెల టెక్సాస్ ఎండ. చెప్పుల్లేని కాళ్ళు. బండలు పెనంలా కాలుతున్నాయి.

“ఎప్పుడొచ్చినవన్నా? చెమటతో తడిసిపోయినవ్.”

“ఇప్పుడే,” అన్నాను.

ఈ గోలంతటికీ మూలం నా నోరు.

నేను నాస్తికుణ్ణి. పేరు వెంకటస్వామి, అది మా నాన్న చేసిన పని. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కడ వ్రతం పెట్టుకున్నా, దాన్ని ఉతికి ఆరేస్తూ గ్రూపుకి నాలుగు పేజీల ఈమెయిల్ కొట్టేవాణ్ణి. ఒక్కడూ చదివేవాడు కాదు. భోజనానికి మాత్రం మర్చిపోకుండా పిలిచేవాళ్ళు. నేనూ మర్చిపోకుండా వెళ్ళేవాణ్ణి.

పోయిన చలికాలం ఉత్తర థాయ్‌లాండ్ వెళ్ళాను. దేవుడి ఊసెత్తని బుద్ధుడి గుళ్ళు చూసొచ్చి, ఇక్కడి భక్తులకి బుద్ధి చెబుదామని. మొదటి గుళ్ళో నా నిక్కరు చూసి, మోకాళ్ళు కనబడకూడదని లుంగీలాంటి గుడ్డ చుట్టారు. రెండో గుళ్ళో బుద్ధుడి వైపు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒక ముసలావిడ విసనకర్రతో పాదం మీద ఒకటేసింది. బుద్ధి చెప్పడానికి పోయినవాడికి దారిపొడుగునా బుద్ధి చెప్పి పంపారు. చియాంగ్ మాయ్ కొండమీద బంగారు స్తూపం చూసినప్పుడు మాత్రం నా నోరు మూతపడింది. కాసేపే.

తిరిగొచ్చాక, డాలస్ పక్కన ఫ్రిస్కోలో దామోదర్ ఇంట్లో తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్. టీవీకి లాప్‌టాప్ తగిలించి ఫొటోలు చూపించాను. బుద్ధుడు ఆత్మని ఎందుకు ఒప్పుకోలేదో చెప్పడం మొదలుపెట్టాను. దామోదర్ భార్య రాధారాణి పులిహోర గిన్నె పట్టుకుని అడ్డం తగిలింది.

“అన్నా, అక్కడ ఏం మొక్కితే ఏమైతది?”

ఒళ్ళు మండింది.

“ఈ స్తూపం చుట్టూ పదకొండుసార్లు తిరిగితే గ్రీన్‌కార్డ్ వస్తుందమ్మా,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని ఎలా అనుకున్నానో. హైదరాబాద్ పక్కన వీసా దేవుడి చుట్టూ పదకొండు చుట్లు తిరిగి, వీసా వచ్చాక నూటెనిమిది తిరిగి విమానం ఎక్కిన జనం వాళ్ళు. పదేళ్ళుగా నాతోపాటే గ్రీన్‌కార్డ్ క్యూలో నిలబడి కాళ్ళు పీకుతున్న జనం. రాధారాణి గిన్నె పక్కన పెట్టి టీవీకి దణ్ణం పెట్టింది.

వారం తిరక్కుండా, ముప్పావుగంట డ్రైవ్‌లో అలాంటి స్తూపమే ఉన్న థాయ్ గుడిని పట్టుకున్నారు. అక్కడి భిక్షువు పాపం మూడు వేళ్ళు చూపించి, మూడు చుట్లు చాలన్నాడు. మూడు వాళ్ళకి, పదకొండు మనకి అని సర్దుకున్నారు. ఆదివారాలు పార్కింగ్ దొరకడం లేదు.

అంతవరకూ నవ్వులాటే. దామోదర్ కూతురు ఇషిత దాకా వచ్చేసరికి నవ్వు పోయింది. పిల్లకి ఇరవై ఒకటి నిండితే తండ్రి ఫైల్లోంచి పేరు తీసేస్తారు. అప్పటికి సొంత వీసా లేకపోతే, మూడేళ్ళప్పుడు వచ్చిన ఈ దేశం వదిలి పోవాలి.

“ఎప్పుడు నిండుతాయి?” నడుస్తూనే అడిగాను.

“వచ్చే నెల.”

“లాయర్ ఏమన్నాడు?”

“స్టూడెంట్ వీసాకి మార్చుమన్నడు. పేపర్లు రెడీ ఉన్నయ్. రాధారాణి పంపొద్దంటున్నది. పంపితే మొక్కు మీద నమ్మకం లేనట్టేనట. ఫలితం పోతదట.”

“నమ్మకం ఎవడి మీద?”

“నీ మీదనే అన్నా. నువ్వే చెప్పినవ్ గదా.”

వెనకనుంచి ఎమ్మెస్ చదివే అనుష్క పరిగెత్తుకొచ్చింది. “అంకుల్, స్తూపం కుడిచేతి వైపు ఉండాలా, ఎడమచేతి వైపా?”

“కుడి,” అన్నాను, ఆలోచించకుండా. ఆ పిల్ల థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. నాలుక కొరుక్కున్నాను.

“దామోదర్, ఆ మాట నేను కల్పించాను.”

“ఊకో అన్నా. సత్యం గారికి కార్డ్ రాలే?”

“సత్యం మనందరికంటే ముందు అప్లై చేశాడు. ఎప్పుడో రావాల్సింది.”

“వచ్చింది మాత్రం ఇక్కడ తిరిగినంకనే గదా.”

“ఒరేయ్, నా మాట విను. అక్కడ జనం తామరమొగ్గ చేత్తో పట్టుకుని మూడు చుట్లు తిరిగారు. ఏం కోరుకున్నారో నాకేం తెలుసు? నాకు థాయ్ రాదు. ఫొటోలు తీసుకున్నా, కొబ్బరి ఐస్‌క్రీం తిన్నా, వ్యాన్ ఎక్కి కొండ దిగా. అంతే. మీ ఆవిడ మీద చిరాకుతో నోటికొచ్చింది వాగాను.”

దామోదర్ ఆగాడు. వెనకొచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని పోయారు.

“ఒట్టు?”

“ఒట్లు నేను నమ్మను. పిల్లకి ఫోన్ చెయ్యి.”

చేశాడు.

“ఇషీ, ఆ పేపర్స్ సైన్ చేసి ఇయ్యాల్నే లాయర్‌కి పంపెయ్ నాన్నా. మమ్మీకి నేను చెప్త.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “ఫైనల్లీ, డాడీ.”

దామోదర్ ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“నీ పనే నయం అన్నా,” అన్నాడు. “మొక్కుల్లేవ్, భయాల్లేవ్. దేన్నీ నమ్మవ్. హాయి.”

“అవును,” అన్నాను.

అతని కారు గేటు దాటాక, అతను రాకముందు నేను తిరిగిన ఏడు చుట్లకి, అతనితో వాదిస్తూ తిరిగినవి కలుపుకోవచ్చో లేదో తేల్చుకోలేక, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.