ఐలీన్ తెచ్చిన మట్టి

“ఇదేనమ్మా. మీ నర్సమ్మ ఇక్కడే ఉంది,” అంది సన్యాసమ్మ, సమాధుల తోటలో గోడవారగా ఉన్న గడ్డి దిబ్బను చూపించి.

మనవరాలు జ్యోతిరాణి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. బెరుకుతో మాటల కోసం వెతుక్కుంది. అయినా ఐలీన్ శ్రద్ధగా వింది. ఆ పెద్దావిడ ఐర్లండులోని ఓ చిన్న పల్లె నుంచి వచ్చింది. ఎప్పుడో నూరేళ్ళ కిందట ఆ ఊరి నర్సు బ్రిజిడ్, కలకత్తాలోని ఈ ఖిదిర్‌పూర్ రేవు కూలీలకు కలరా సోకితే సేవ చేస్తూ ఇక్కడే కన్నుమూసింది. ఆమె సమాధి వెతికి రాయి పెట్టించి రమ్మని ఊరంతా కలిసి ఐలీన్‌ను పంపింది.

“మాది నలభై గడపల ఊరు,” అంది ఐలీన్. “పాత బడిలో బ్రిజిడ్ ఫొటో, ఆమె కుట్టిన దుప్పటి దాచుకున్నాం. ఏడాదికోసారి అందరం సమాధుల దగ్గర చేరి, గడ్డి పీకి, ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతాం. పేరు లేకుండా ఎవరినీ పడుకోనివ్వం. బ్రిజిడ్ ఒక్కతే మిగిలిపోయింది.”

జ్యోతిరాణి తెలుగులో చెప్పగానే సన్యాసమ్మ కళ్ళు ఒత్తుకుంది.

“అయితే బేగి రాయెట్టించమను. ఆదివారం నుంచి రాయి లేనివన్నీ తవ్వేసి కొత్తోళ్ళకిచ్చేత్తారు. మేస్త్రీ దాదాతో నాను మాటాడతాను.”

“ఈ తోట ఆఫీసోళ్ళే తమకు తెలీదన్నారు. ఇదేనని నీకెలా తెలుసు అమ్మమ్మా?”

“నోర్మూసుకోయే! నా వయసంతా ఈ తోట ఊడ్సినాను. నీలాగ ఫోను సూసుకుంటా కూకున్నానేటి? సెప్పమన్నది సెప్పు.”

జ్యోతిరాణి చెప్పింది.

ఐలీన్ మోకాళ్ళ మీద కూర్చుని సంచిలోంచి ఊరి మట్టి మూట తీసింది. దిబ్బ మీద అరచెయ్యి ఆనించి, తలవైపు నుంచి కాళ్ళవైపు నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళింది. రెండు మూరలు దాటకుండానే దిబ్బ అయిపోయి చెయ్యి ఆగిపోయింది. ఆమె తలెత్తి సన్యాసమ్మను చూసింది. సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకుంది.

“ఏటంతాది?”

“నిన్నే చూస్తోంది, అమ్మమ్మా.”

నది మీద ఓడ కూత వేసి ఆగింది. ఐలీన్ మూట విప్పింది. బ్రిజిడ్ కోసం అంత దూరం మోసుకొచ్చిన మట్టినంతా పిడికెడైనా మిగల్చకుండా ఆ దిబ్బ మీద పరిచింది. తర్వాత జ్యోతిరాణిని దగ్గరకు పిలిచి మెల్లగా ఏదో అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయి అమ్మమ్మ వైపు చూసింది.

“సెప్పవేటే? రాయెడతాదా, ఎట్టదా?” అంది సన్యాసమ్మ.

“రాయి మీద నీ బిడ్డ పేరేటని రాయాలంట, అమ్మమ్మా.”