ఆదిలక్ష్మిగారి గోంగూర

మూడో అంతస్తు శరత్ తన గోంగూరకి మందు పోసి చంపేశాడని ఆదిలక్ష్మిగారు అందట. ఆ మాట పక్క ఫ్లాట్ భానుప్రియ బస్‌స్టాప్‌లో రిషిత చెవిన వేసింది. రిషిత చెప్పులైనా విప్పకుండా మొగుడు శరత్‌కి అందించింది.

"మొన్న నువ్వు ఒక్క కట్ట అడిగితే ఆవిడ లేదందిగా, ఆ కక్షట!"

శరత్ చేపల మేత డబ్బాతోనే కిందికి దిగాడు.

జర్మనీలోని ఈ ష్వైన్‌ఫర్ట్‌లో ఉన్న తెలుగువాళ్ళందరి కళ్ళూ ఆ గోంగూర కుండీల మీదే. ఇప్పుడు ఒక్క ఆకు పచ్చగా లేదు. వాటి ముందు కుర్చీ వేసుకుని ఆదిలక్ష్మి, పక్కన ఫోన్ పట్టుకుని కొడుకు జగన్మోహన్.

"రావయ్యా. పూర్తిగా చచ్చిందో లేదో చూసుకోడానికొచ్చావా?"

"పిన్నిగారూ, మీ గోంగూర జోలికి నేనెందుకొస్తానండీ?"

"మరి నేల కింద బట్టలుతికే కెల్లర్‌లోకి సీసాలు మోస్తున్నావట. ఏం సీసాలవి?"

"బ్లీచింగండీ," దాచలేదు శరత్. "మా చేపలకి తెల్లమచ్చల జబ్బొచ్చింది. తొట్టి నీళ్ళు అలాగే పారబోస్తే ఆ పురుగు ఎక్కడెక్కడికి పాకుతుందోనని, బకెట్‌లో బ్లీచింగ్ కలిపి, ఓ రాత్రంతా ఉంచి అప్పుడు పారబోస్తున్నా."

"విన్నావా జగన్? తన నోటితో తనే ఒప్పుకున్నాడు! బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌కి ఫోన్ కొట్టు. ఆ చేపల తొట్టి ఇంట్లోంచి పోవాల్సిందే!"

శరత్ జగన్మోహన్ వైపు తిరిగాడు. ఒక్క ఫిర్యాదు వచ్చినా తొట్టి తీసెయ్యాలని ఇంటి ఓనరు ముందే తేల్చి చెప్పాడు.

"జగన్మోహన్ గారూ, ఒక్క నిమిషం. ఆ బకెట్ కెల్లర్ దాటి రాదు. మూత కూడా పెడతాను. అది మెట్లెక్కి మీ కుండీల్లోకి ఎలా వస్తుందండీ?"

జగన్మోహన్ నంబరు నొక్కబోయి ఆగాడు.

"నిజమేనమ్మా. మొన్న బట్టలేయడానికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. ఇది విషం, ముట్టుకోవద్దు అని మూత మీద ఎర్రటి అక్షరాలతో రాసి మరీ అంటించాడు. జర్మన్‌లో."

ఆదిలక్ష్మి కుండీల వంక చూసింది. శరత్ వంక చూసింది. గొంతు తగ్గుతుందేమో అనుకున్నారు ఇద్దరూ. ఇంకాస్త లేచింది.

"ఆ ఏడుపేదో తెలుగులో ఏడ్చుంటే, చేపల నీళ్ళు మొక్కలకి బలమని నేను రోజూ చెంబుతో ముంచుకొచ్చి పోసేదాన్నా?"