మూసిన సందు

"అత్తమ్మా! జర మాట్లాడు!"

అనుపమ బాత్రూం తలుపు బాదుతోంది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడే తప్ప ఈరమ్మ గొంతు వినబడటం లేదు.

ఆమె భర్త కొండల్ పరుగెత్తుకొచ్చి భుజంతో గుద్దితే గడియ ఊడింది. గ్యాస్ గీజర్ ఇంకా మండుతోంది. ఆవిరిలో, గోడవారన వాళ్లమ్మ ఒరిగిపోయి ఉంది.

"గుండె ఆగిందా ఏంది?" అన్నాడు కొండల్.

అనుపమ తల పైకెత్తి చూసింది. వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టి, చుట్టూ టేపు అంటించింది నిన్న తానే. పాల్మాకులలో ఈసారి చలి ఎక్కువని, అత్తమ్మ వణికిపోతోందని, ఇంట్లో సందులన్నీ మూసింది. ఆ చిన్న గదిలోకి గాలి వచ్చే దారి, గీజర్ విషగాలి బయటికి పోయే దారి అదొక్కటే.

గీజర్ ఆపేసి, అత్తకు చీర చుట్టి, ఇద్దరూ కలిసి ముందుగదిలోకి మోసుకొచ్చారు.

"తలుపెయ్యి, చలికి సస్తది!" అన్నాడు కొండల్.

"వద్దు! గాలి లేకనే గిట్లయింది. వెంటిలేటర్ నేనే మూసిన. బయటికి తీస్కపోదాం పట్టు!"

కొండల్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తల్లిని ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు. అనుపమ అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

పొలాల మీది నుంచి చలిగాలి ఈడ్చి కొడుతోంది. అనుపమ అత్త తల ఒళ్లో పెట్టుకుని, "అత్తమ్మా, అత్తమ్మా" అని పిలుస్తూనే ఉంది. చాలాసేపటికి ఈరమ్మ పెద్దగా దగ్గింది. కళ్లు సగం తెరిచింది.

"చలి పెడుతున్నది పిల్లా."

"పెట్టనియ్యి అత్తమ్మా," అంటూ అనుపమ భోరుమంది. "ఇంకా జర సేపు పెట్టనియ్యి."