పడని పిట్ట

పసుపు, తెలుపు, ఎరుపు. మూడు వైర్లు చెల్లెలి చేతిలో వేలాడుతున్నాయి. వాటిని గుచ్చడానికి కొత్త టీవీ వెనకాల ఒక్క కన్నం కూడా లేదు.

గోడకీ టీవీకీ మధ్య తల దూర్చీ దూర్చీ మెడ పట్టేసింది. దుమ్ముకి తుమ్ములొకటి.

"కరెంటాఫీసులో ఉద్యోగం చేస్తావు. మూడు వైర్లు తగిలించలేవా?" అన్నాడు కుర్చీలోంచి అన్నయ్య.

"నేనక్కడ బిల్లులు చూస్తాను, స్తంభాలెక్కను" అంది.

పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయి రెండు నెలలయింది. కళ్లజోళ్ల షాపులో, కంటికి ఆనని స్క్రూలు బిగించిన చెయ్యి అది. కదలిక కొంచెం కొంచెంగా వస్తోంది. వేళ్లకి పని చెబితేనే మిగతాది వస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఈయనగారేమో నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందకి దొర్లించేసి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

అందుకే ఆమె అటక మీంచి చిన్నప్పటి వీడియో గేము దింపింది. ఆ మూడు వైర్లూ దానివే. దానికో ప్లాస్టిక్ తుపాకీ. తెర మీద పిట్టలు ఎగురుతుంటే కాల్చాలి. ఆ రోజుల్లో అన్నయ్య కూర్చున్నాడంటే ఒక్క పిట్ట బతికి బయటపడేది కాదు.

ట్రిగ్గరు నొక్కాలన్నా వేలు కదలాలి కదా అని ఆమె ఆశ.

టీవీల షాపుకి వెళ్లి, వైర్లకీ టీవీకీ మధ్య పెట్టే చిన్న డబ్బా కొనుక్కొచ్చింది. పెడితే శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు. వైర్లు అటూ ఇటూ మార్చింది. బొమ్మ వచ్చింది, వచ్చిన నిమిషానికే పోయింది. డబ్బాకి విడిగా కరెంటివ్వాలట. ఆ ముక్క ముందు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ఫోన్ ఛార్జరు పీకి దానికి పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి తెరంతా నీలంగా ఆకాశం వచ్చింది. పిట్టలొచ్చాయి.

అన్నయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. ఎవరూ చెప్పకుండానే తుపాకీని కుడిచేతిలో ఇరికించుకుని, ఎడమచేత్తో కింద ఆన్చాడు. వేలు వణికింది. చాలాసేపటికి ట్రిగ్గరు టిక్కుమంది.

పిట్ట ఎగిరిపోయింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ. నుదుటి మీద చెమట పట్టింది. పిట్టలు తాపీగా తెర దాటి పోయాయి. ఆట అయిపోయిందని తెర మీద వచ్చింది.

తుపాకీ ఒళ్లో పడేశాడు.

"ఈ చెయ్యి ఇక ఇంతేనే. కట్టిపెట్టు."

ఆమెకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. షాపాయనకి ఫోన్ చేసి దులిపేసింది. ఆయన అంతా విని, ఆ తుపాకులు పాత లావు టీవీలకే పనిచేస్తాయమ్మా, ఈ పలక టీవీలకి ఆనించి కాల్చినా తగలవు అన్నాడు.

ఆ మాటే అన్నయ్యకి చెప్పింది.

"నన్ను ఓదార్చకు."

"ఓదార్పేంటి, నువ్వే చూడు." ఆట మళ్లీ మొదలుపెట్టి, తుపాకీ తెరకి ఆనించి నొక్కింది. పిట్ట ఎగిరిపోయింది.

"నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఒక్క పిట్టనైనా కొట్టావా?"

నిజమే, కొట్టలేదు.

"ఇటివ్వు. మంచి చేత్తో కొడితే పడుతుందో లేదో చూద్దువుగాని."

ఆమె భుజం పట్టుకుని టీవీ దాకా వచ్చాడు. తుపాకీ ఎడమచేత్తో పట్టి, తెరకి జానెడు దూరంలో పెట్టి నొక్కాడు.

పిట్ట ఎగిరిపోయింది.

ఇంకోటి వచ్చింది. అదీ ఎగిరిపోయింది.

అతను ఎడమచేతి వంక చూశాడు. తర్వాత కుడిచేతి వంక. తుపాకీతోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పాత టీవీ ఎవరింట్లోనైనా మూలన పడి ఉందేమో, ఆ షాపాయన్నే అడుగు" అన్నాడు.

ఆమె ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

వెనక నుంచి టిక్కుమని వినిపించింది. చాలాసేపటికి మళ్లీ టిక్కుమంది.

ఏ చేత్తోనో చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఆమె వెనక్కి తిరగలేదు.