వాగు రొయ్య

స్టాఫ్‌రూమ్‌లో అందరూ మహిమ చుట్టూ మూగారు. సుమయ్యకు కడుపు రగిలిపోయింది.

ఇంతా చేసి ఏమిటది? ఒక రొయ్య. చిటికెన వేలంత కూడా లేదు. స్టూడెంట్లను తీసుకుని చండ్రుగొండ అడవికి వెళ్లినప్పుడు అక్కడి వాగులో మహిమ వలకు పడింది. అదే వాగు, అదే మధ్యాహ్నం, సుమయ్య గట్టున కూర్చుని బగారన్నం తింటోంది. తల్చుకుంటే ఆ అన్నం ఇప్పటికీ అరగదు.

"అక్కా, దీని నెత్తి మీది ముల్లు చూడు, ఎంత పొట్టిగుందో! మామూలు రొయ్యకైతే కళ్లు దాటి ముందుకు పొడుచుకొస్తది. ఇది కంటి కాడనే ఆగింది. నాకైతే కొత్త జాతే అనిపిస్తున్నది," అంటూ మహిమ మైక్రోస్కోప్ ఇటు జరిపింది.

"అవ్, మంచిగుంది," అంది సుమయ్య. కన్ను పెట్టింది గానీ ఏమీ చూడలేదు. ఒళ్లు మండుతుంటే ఏం కనిపిస్తుంది!

జువాలజీలో ఆమె మహిమ కంటే ఎంతో సీనియర్. జూన్‌లో డిపార్ట్‌మెంట్ హెడ్ కుర్చీ ఖాళీ అవుతుంది. అది సుమయ్యదేనని ఖమ్మంలోని ఆ కాలేజీలో అటెండరుకు కూడా తెలుసు. ఇప్పుడు ప్రిన్సిపాల్ రవికుమార్ నోట వేరే మాట.

"రొయ్య కొత్తదని తేలిందనుకో, మన కాలేజీ పేరు పేపర్లల్ల వస్తది. ఇగ హెడ్ ఎవరని అడగాల్నా?"

మహిమ ఫొటోలు తీసి విశాఖలో ఉండే సుబ్బరత్నం గారికి పంపింది. రొయ్య ఏ జాతిదో తేల్చడంలో ఆవిడ మాటే ఆఖరు. ఫొటోలు చూసి చెప్పలేను, రొయ్యనే పంపమందావిడ. మహిమ ఉంచుకున్నది ఆ ఒక్కటే. మళ్లీ పట్టుకొద్దామంటే ఎండలకు వాగు ఎండిపోయింది.

సరిగ్గా అప్పుడే మహిమ తమ్ముడి పెళ్లి వచ్చిపడింది.

"సుమయ్యక్కా, సోమవారం ఇది జర కొరియర్ చేస్తవా? నిన్ను తప్ప ఎవర్నీ నమ్మను."

"గంత చెప్పాల్నా? ఇటియ్యి."

రొయ్య ఉన్న స్పిరిట్ సీసా చేతిలో పెట్టి వెళ్లిపోయింది, పిచ్చిది.

ఆదివారం సుమయ్య సీసా బ్యాగులో వేసుకుని వేంసూరులో అమ్మమ్మ ఇంటికి వెళ్లింది. పెరట్లో అమ్మమ్మ గులాబ్ బీ కాలువ రొయ్యలు కడుగుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో తింటున్న కూరే. సుమయ్య గిన్నెలో చెయ్యి పెట్టింది. సరిగ్గా మహిమ రొయ్యంతది ఒకటి ఏరబోతే, తోక ముల్లు బొటనవేలికి కసుక్కున దిగింది.

"అబ్బా! పాడు ముల్లు!"

"చిన్నప్పటి నుంచి చెప్తానే ఉన్నా, తోక కాడ పట్టుకోవద్దని," అమ్మమ్మ నవ్వింది. "కూరకు ఒలుస్తవా ఏంది?"

"లేదు నానీ. కాలేజీకి ఒక్కటి గావాలె."

మహిమ రొయ్య మురుగ్గుంటలోకి పోయింది. కాలువ రొయ్య సీసాలోకి వెళ్లింది. సుమయ్య మూత బిగించింది. ఇక ఆ విశాఖ మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని కూర రొయ్యను చూసుకోవాలి. మహిమ పరువు గంగలో కలవాలి. ఆ ఊహకే సుమయ్యకు ప్రాణం లేచొచ్చింది.

పెళ్లి నుంచి మహిమ తిరిగొచ్చాక విశాఖ నుంచి ఫోన్ వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో అందరినీ పిలిచి స్పీకర్ ఆన్ చేశాడు. అందరికంటే ముందు కుర్చీ సుమయ్యదే. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

"మహిమ గారూ," అన్నారు సుబ్బరత్నం గారు. "ఫొటోలో ఉన్న రొయ్యా, సీసాలో వచ్చిన రొయ్యా ఒకటి కాదు."

ఆవిడ రొయ్యను ఫొటోలతో పోల్చి చూస్తుందన్న సంగతి సుమయ్యకు తట్టనే లేదు. వేలి మీది మచ్చ కనపడకుండా పిడికిలి మూసింది.

"సుమయ్యా, సీసా పంపింది నువ్వే గదా?" అన్నాడు రవికుమార్.

"మహిమ ఇచ్చిందే పంపిన సార్. మూత గూడ తియ్యలే. మా నానీ మీద ఒట్టు!"

"అయ్యో, ఎవర్నీ తప్పు పట్టడం లేదమ్మా," సుబ్బరత్నం గారు నవ్వారు. "వలలో రెండు రకాలు పడి ఉంటాయి. ఒకదాన్ని ఫొటో తీసి, రెండోదాన్ని సీసాలో వేసి ఉంటారు. ఫొటోలోది ఎక్కడైనా దొరికే రొయ్యే. నెత్తి ముల్లు విరిగి మళ్లీ పొట్టిగా మొలిచింది, అంతే."

మహిమ తల వంచుకుంది. సుమయ్య పిడికిలి వదులు చేసింది.

"సీసాలో వచ్చినదానికి మాత్రం తోక కొసన నిలువుగా ఒక ముల్లుంది, అలాంటిది నా సర్వీసు మొత్తంలో ఏ రొయ్యకూ చూడలేదు, కొత్త జాతిని కనిపెట్టినందుకు అభినందనలు మహిమ గారూ!"