నడుముకు బెల్టు

“బెల్టు లేకుండా నువ్వు దిగితే నేనూ అలాగే దిగుతా” అంటూ పెయింటర్ భార్య పడిపోకుండా తాడుకు తగిలించుకునే తన నడుము బెల్టు విప్పి డాబా మీద విసిరికొట్టింది. ఐదంతస్తుల గోడకు రంగు వెయ్యడానికి ఇద్దరూ నిలబడాల్సిన పలక, కింద తాళ్లకు వేలాడుతూ గాలికి ఊగుతోంది.

“నీకేమన్నా మతి పోయిందా? నన్ను కాయడానికి దేవదూతలున్నారు. బెల్టు కడితే వాళ్లని అనుమానించినట్టే.”

“ఆహా. ఆ దూతలు నీ ఒక్కడికే జీతగాళ్లా? నన్ను చూడరా?”

ఆమె పిట్టగోడ మీద కాలు వేసింది. అతను ఆమె చెయ్యి పట్టి వెనక్కి గుంజాడు.

“దిగవే, నీకు పుణ్యముంటుంది. పడితే?”

“పడనివ్వడుగా నీ దేవుడు.”

అతనికి తన విషయంలో కొండంత ఉన్న నమ్మకం, ఆమె దగ్గరికొచ్చేసరికి ఆవగింజంత కూడా మిగల్లేదు. కింద పడ్డ బెల్టు తీసి ఆమె నడుముకు బిగించాడు. తర్వాత తలొంచుకుని తనదీ కట్టుకున్నాడు.

ఆమె రెండు బెల్టుల కొక్కేలూ లాగి చూసింది. ముఖంలో కోపం మాత్రం తగ్గలేదు.

“ఇప్పుడు చెయ్యి ప్రార్థన. ఇద్దరికీ కలిపి చెయ్యి” అని, అతనికంటే ముందు తనే కళ్లు మూసుకుంది.